బీరువా తాళం

మా వైపు పాత హైస్కూలు ఏదైనా తీసుకోండి, హెడ్మాస్టరు గదిలోనో స్టాఫ్ రూములోనో ఒక మూల బీరువా ఉంటుంది. చెక్కదైతే అద్దాల తలుపులు, ఇనుపదైతే బూడిదరంగు. పైన తెల్ల పెయింటుతో ‘లైబ్రరీ’ అని రాసి ఉంటుంది. బడి లైబ్రరీ అంటే మాకు గది కాదు, ఆ బీరువానే. లోపల ఏమున్నాయో అద్దంలోంచి కొంచెం కనబడుతుంది: అట్ట ఊడిన భారతం, గాంధీ గారి ఆత్మకథ, ఎవరో దానం చేసిన హోమియో పుస్తకం, బైండు చేసిన పాత వాచకాలు. తాళం ఎవరి దగ్గరుందని అడిగితే, ఆ రోజు సెలవులో ఉన్న మాస్టారి దగ్గర అంటారు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల చరిత్ర చదివేకొద్దీ ఈ బీరువా నాకు మరీ వింతగా అనిపిస్తోంది. తెలుగునాట పుస్తకాన్ని జనం ముంగిటికి మోసుకెళ్లిన పనిలో పెద్ద భాగం ఈ నేల మీదే జరిగింది మరి. పత్తి, మిరప, పొగాకు, వాటి రేట్లు తప్ప ఇక్కడివాళ్లకు ఇంకేం పట్టదని బయట ఒక మాట ఉంది. వందేళ్ల కిందట ఇదే ప్రాంతంలో చందాలు వేసుకుని ఊళ్లో పఠనాలయం పెట్టుకున్నారు. ఒకచోటైతే పుస్తకాలను పడవెక్కించి కాలువ మీద తిప్పారు. అలాంటి చోట బడి పుస్తకాలకు తాళం ఎలా పడింది?

వేటపాలెం నుంచి మొదలుపెడతాను. చీరాల పక్కన, నేతకూ జీడిపప్పుకూ పేరున్న ఊరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 1970 నుంచి ఒంగోలు, 1972 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల జిల్లా. జిల్లా పేరు మూడుసార్లు మారినా లైబ్రరీ మాత్రం కదల్లేదు. ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, ఆయన మిత్రులు కలిసి 1918లో సారస్వత నికేతనం పెట్టారు. 1929లో గాంధీ అక్కడికి వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ రద్దీలో విరిగిన ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడే ఉందని చెప్పి చూపిస్తారు. నాకు ఆ కర్ర కన్నా పాత పత్రికల సంపుటాలే గొప్పగా తోచాయి. తెలుగు పత్రికల మీద పరిశోధన చేసేవాళ్లు హైదరాబాదులో దొరకనిది వెతుక్కుంటూ ఈ చిన్న ఊరికి రైలెక్కి వస్తారు. ఒక రాజో జమీందారో కట్టించిన లైబ్రరీ కాదిది. ఊళ్లో కుర్రాళ్లు సంఘం పెట్టుకుని, ఇంటింటికీ తిరిగి పోగుచేసింది.

వేటపాలెం ఒంటరి కథ కూడా కాదు. అంతకు నాలుగేళ్ల ముందు, 1914 ఏప్రిల్‌లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయాల వాళ్లంతా ఒక సభ చేసుకున్నారు. అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహం. దాని వెనక పరుగులు పెట్టింది ఇరవై మూడేళ్ల అయ్యంకి వెంకటరమణయ్య. తర్వాత ఏడాది రెండేళ్లలో ఆయన ‘గ్రంథాలయ సర్వస్వము’ అనే పత్రిక మొదలుపెట్టాడు. లైబ్రరీల కోసమే ఒక పత్రిక, అదీ తెలుగులో! గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటి పెద్దమనిషి, జైలుకెళ్లి వచ్చిన సంపాదకుడు, ఊరూరా తిరిగి లైబ్రరీల గురించి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఇప్పుడు వింటే నమ్మబుద్ధి కాదు. ఒక ఉద్యమం, దానికి కార్యకర్తలు, మహాసభలు, తీర్మానాలు, అన్నీ పుస్తకం చదివించడం కోసం.

ఇక పడవ సంగతి. తెనాలి దగ్గర పెదపాలెం అనే ఊళ్లో పాతూరి నాగభూషణం అనే యువకుడు ఉండేవాడు. 1907లో పుట్టాడు. ఊరి లైబ్రరీతో ఆగకుండా చుట్టుపక్కల ఊళ్లను కలుపుకుంటూ వెళ్లాడు. అప్పటికి కృష్ణా కాలువలే డెల్టాకు బస్సు రూట్లు. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే పడవ నిదానంగా కదిలేది. ప్రయాణికులకు గంటల కొద్దీ ఖాళీ. కబుర్లు, చుట్టలు, కునుకు. 1935లో నాగభూషణం ఆ పడవల్లోకి పుస్తకాలు ఎక్కించాడు. ప్రయాణం చేసేవాళ్లు చదువుకోవచ్చు, కాలువ వెంట ఊళ్లకూ పుస్తకాలు చేరతాయి. దీనికి గ్రంథాలయ శాస్త్రమేమీ అక్కర్లేదు, జనం ఎక్కడ ఖాళీగా కూర్చుంటారో గమనించే కన్ను ఉంటే చాలు. పడవలో ఎక్కించిన పుస్తకం పోవచ్చు, తడవొచ్చు, ఎవరో సంచీలో వేసుకుని దిగిపోవచ్చు. ఈ సంగతి ఆయనకు తెలియకుండా ఉంటుందా? అయినా ఎక్కించాడు. ఈ ఒక్క నిర్ణయాన్ని గుర్తుపెట్టుకోండి, బీరువా దగ్గర మళ్లీ కావాలి.

ఉద్యమం రోజుల్లో ‘చదవడం’ అంటే ఒంటరిగా చేసే పని కాదు. అక్షరం వచ్చినవాడు ఒకడు పత్రిక విప్పి పైకి చదివేవాడు, రానివాళ్లు చుట్టూ చేరి వినేవాళ్లు. లైబ్రరీకి అనుబంధంగా రాత్రి బడులు నడిచాయి. ఖాదీ, పన్నుల నిరాకరణ, తర్వాత రైతు సంఘం, కమ్యూనిస్టులు, అందరూ ఈ పఠనాలయాల అరుగుల మీద నుంచే ఊళ్లోకి వచ్చారు. 1921లో చీరాల జనం మునిసిపాలిటీ పన్ను కట్టబోమని ఊరు ఖాళీ చేసి రామనగర్ కట్టుకున్నారంటే దాన్నంతా లైబ్రరీ ఖాతాలో వేయను. కాకపోతే ఆ పక్క ఊరే వేటపాలెం. పత్రిక వినే అలవాటున్న జనం వాళ్లు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే బంగారు కాలం కథ అవుతుంది. అలా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఊరి లైబ్రరీ ఏ అరుగు మీద ఉంది, ఆ అరుగు ఏ వీధిలో ఉంది అన్న ప్రశ్న కూడా అడగాలి. సత్రంలోనో గుడి పక్కనో పెద్దింటి వసారాలోనో పుస్తకాలు పెడితే, మాలపల్లి నుంచి వచ్చిన కుర్రాడు ఎక్కడ నిలబడి అడగాలి? గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తెలుగు పద్యం మీద అంత పట్టు సాధించిన మనిషికి కూడా సభల్లో కులం పేరుతో అవమానాలు తప్పలేదు. ఆయన చదువుకున్న దారి, పుస్తకాలు దొరకబుచ్చుకున్న దారి ఉద్యమ చరిత్రల్లో పెద్దగా కనబడదు. ఆడవాళ్ల సంగతీ అంతే. సాయంత్రం పఠనాలయంలో బెంచీ మీద కూర్చుని పత్రిక తిరగేసే స్త్రీని ఆ రోజుల్లో ఊహించుకోవడం కష్టం. ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో గుంటూరులో శారదా నికేతనం పెట్టి ఆడవాళ్లకు విడిగా చదువు చెప్పించాల్సి వచ్చింది అందుకే.

పల్లెల్లో పుస్తకం ముందుగా మిషన్ బడి ద్వారా వచ్చింది. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. బాప్టిస్టు మిషన్ తరఫున క్లౌ 1866లో ఒంగోలులో దిగాడు. 1878లో, పెద్ద కరువు తర్వాత, ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి మిషన్ చరిత్రల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. వాళ్లలో చాలామంది మాదిగలు. బైబిలు స్వయంగా చదవాలి కాబట్టి అక్షరం రావాలి, అక్షరం రావాలంటే బడి కావాలి. అంతకుముందు వీధిబడి గడప తొక్కనివ్వని పిల్లలకు ఒక పుస్తకాన్ని తమ చేత్తో పట్టుకునే అవకాశం అలా వచ్చింది. మతం సంగతి పక్కన పెడితే, పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్లు, అది నీదే అన్న మాట ఈ ప్రాంతపు అట్టడుగు పిల్లలు మొదటిసారి విన్నది అక్కడే అనుకుంటాను.

ఇక సర్కారు బడి. దాని పుట్టుకలోనే లైబ్రరీకి చోటు తక్కువ. పాత వీధిబడిలో అమరకోశం, బాలరామాయణం కంఠతా పట్టించేవాళ్లు. దాని స్థానంలో వచ్చిన ఇంగ్లీషు వాళ్ల బడి కంఠతాను తీసేయలేదు, పుస్తకాన్ని మార్చింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో మద్రాసు రాష్ట్రంలో ఎయిడెడ్ బడులకు ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వస్తాడు. పిల్లల్ని నిలబెట్టి చదివిస్తాడు, లెక్క చేయిస్తాడు. ఎంతమంది గట్టెక్కితే బడికి అంత డబ్బు. అలాంటప్పుడు ఏ మాస్టారైనా పిల్లలతో ఏం చదివిస్తాడు? ఇన్‌స్పెక్టరు అడగబోయే ఆ ఒక్క వాచకాన్నే. అది తెరవకముందే పిల్లలు పాఠం చెప్పేస్తారు. వాచకం కాని పుస్తకం చదివే పిల్లవాడు ఆ లెక్కలో టైము వృథా చేస్తున్నట్టే. ‘కథల పుస్తకాలు చదివి చెడిపోతున్నాడు’ అని మా పెద్దవాళ్లు అన్న మాటకు ఇంత పాత వేరుంది.

రెండోది స్టాక్ రిజిస్టరు. ప్రభుత్వం కొన్న ప్రతి వస్తువూ అందులో ఎక్కుతుంది: బెంచీ, గంట, గ్లోబు, పుస్తకం. బెంచీ పోకపోతే మంచిది, పుస్తకం పోకపోయినా మంచిదే. పోతే ఛార్జిలో ఉన్న మాస్టారే కట్టాలి. బతకలేక బడిపంతులు అని సామెత పుట్టిన జీతాల మీద ఎవరు తెగిస్తారు? పుస్తకాన్ని భద్రంగా ఉంచితే ఎవరూ ఏమీ అనరు. పిల్లలకిచ్చి పోగొడితే మెమో వస్తుంది. నేను చూసిన బీరువా తాళాల్లో చాలా మటుకు ఉన్నది బద్ధకం కాదు, ఈ భయమే.

రంగనాథన్ ఈ భయాన్ని బాగా పట్టుకున్నాడు. ఆయన లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు. 1931లో వచ్చిన ఆయన పుస్తకంలోని ఐదు సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికి అని. ఇంత తేలిక మాటకు సూత్రం ఎందుకని నవ్వొస్తుంది. ఆయన వివరణ చూస్తే నవ్వు ఆగిపోతుంది. మధ్యయుగాల యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవాళ్లు. చేత్తో రాసిన ప్రతి పోతే మళ్లీ దొరకదు కాబట్టి అప్పటికది న్యాయమే. అచ్చు వచ్చి, పుస్తకం చవకయ్యాక కూడా కాపలా బుద్ధి పోలేదంటాడు. గొలుసు పోయాక మనకు రిజిస్టరు మిగిలింది. నాగభూషణం పడవకూ బడి బీరువాకూ మధ్య తేడా పుస్తకాల సంఖ్యలో లేదు, పుస్తకం పోతే ఏమవుతుందన్న దానికి రెండుచోట్లా ఉన్న జవాబులో ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక సెకండరీ విద్య మీద వేసిన మొదలియార్ కమిషన్ 1953లో రిపోర్టు ఇచ్చింది. బడి లైబ్రరీల గురించి అందులో రాసింది చదివితే మా ఊరికొచ్చి చూసి రాశారా అనిపిస్తుంది. పుస్తకాలు పాతవి, పిల్లల ఇష్టాయిష్టాలతో పనిలేకుండా ఎంచినవి, ఇరుకు గదిలో కొద్ది అరల్లో కుక్కినవి, వాటిని చూసే మనిషి ఒక గుమాస్తానో, పుస్తకాల మీద ప్రేమా పద్ధతీ రెండూ లేని ఉపాధ్యాయుడో అన్నది సారాంశం. డెబ్బై ఏళ్లు దాటిన ఆ పేరాలో ‘అయితే ఇప్పుడు’ అని మొదలుపెట్టి చేర్చడానికి నాకు ఎక్కువ వాక్యాలు దొరకలేదు.

దారి ఎవరికీ తెలియక కాదు. నాగభూషణం కాలంలోనే గుజరాత్‌లో గిజుభాయి ఒక పుస్తకం రాశాడు. తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. అందులో కొత్త మాస్టారు నాలుగో తరగతి పిల్లలందరూ తలా ఒకటి అదే వాచకం కొనడం ఎందుకని, ఆ డబ్బుతో రకరకాల కథల పుస్తకాలు తెప్పించి తరగతి గదిలోనే లైబ్రరీ పెడతాడు. ఒక్క పుస్తకం నలభై ప్రతులకు బదులు నలభై వేర్వేరు పుస్తకాలు. ఖర్చు అంతే. టీచర్ ట్రైనింగుల్లో ఈ పుస్తకం పేరు చెప్పని వాళ్లుండరు, ఈ లెక్క వేసి చూసినవాళ్లు మాత్రం అరుదు.

ఊరి లైబ్రరీలు ఆ లోటు తీర్చి ఉండొచ్చు కదా? ఇక్కడ చట్టం వచ్చింది. రంగనాథన్ చొరవతో మద్రాసు రాష్ట్రం 1948లో పౌర గ్రంథాలయాల చట్టం చేసింది. 1960లో ఆంధ్రప్రదేశ్ తన చట్టం చేసుకుంది. ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు లైబ్రరీ సెస్సు, జిల్లాకొక గ్రంథాలయ సంస్థ. చందాలతో బతుకీడ్చే లైబ్రరీలకు ఇది వరమే. చాలా ఊళ్ల పఠనాలయాలు శాఖా గ్రంథాలయాలయ్యాయి, జీతమిచ్చే లైబ్రేరియన్ వచ్చాడు. వసూలైన సెస్సు పంచాయతీలూ మునిసిపాలిటీలూ సరిగ్గా జమ చేయవన్న ఫిర్యాదు కూడా దానితో పాటే వచ్చి, ఇంకా ఉంది. బడి ఒక శాఖ, లైబ్రరీ ఇంకో శాఖ అయ్యాయి. ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్నా ఒకదాని పుస్తకం ఇంకోదానిలోకి రాదు. ఉద్యమం నాటి లైబ్రరీ పెద్దల లైబ్రరీ, దాని వారసురాలు పోటీ పరీక్షల లైబ్రరీ అయింది. మధ్యలో పదేళ్ల పిల్లకు కుర్చీ లేదు.

ఆ పదేళ్ల పిల్ల మరి చదవడం ఎక్కడ నేర్చుకుంది? నా అభిప్రాయం అడిగితే, తెనాలి వాళ్ల దయవల్ల. 1947 జూలైలో మద్రాసులో మొదలైన ‘చందమామ’ వెనక ఉన్న చక్రపాణి తెనాలి మనిషి. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడి అలసిపోయాక కూడా బడి వాచకాలు చాలాకాలం బిగుసుకునే ఉన్నాయి. కుటుంబరావు ఆ గొడవంతా ఎత్తకుండా, చిన్న వాక్యాల్లో, మాట్లాడుకునే తెలుగులో, నెలకో సంచిక చొప్పున మూడు తరాలకు చదవడం అలవాటు చేశాడు. ఒక ఇంట్లో కొన్న సంచిక పది ఇళ్లు తిరిగేది. తర్వాత రోజుల్లో బాలమిత్ర, బొమ్మరిల్లు, మాస్కో నుంచి విశాలాంధ్ర వాళ్లు తెచ్చే నున్నటి కాగితాల పిల్లల పుస్తకాలు, బస్టాండు పక్కన అద్దె పుస్తకాల షాపు. వీటిలో ఏదీ బడిది కాదు. ఇంకో సంగతి, వీటన్నిటికీ ఎంతో కొంత డబ్బు కావాలి. కూలి వాళ్ల పిల్లలు ఈ లైబ్రరీలో కూడా సభ్యులు కారు.

నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూలు బీరువా నాకు ఒక్కసారే పూర్తిగా తెరుచుకుంది. తెలుగు మాస్టారికి బదిలీ అయింది. ఛార్జి అప్పగించాలంటే రిజిస్టరు ప్రకారం పుస్తకాలు సరిచూడాలి. ఎనిమిదో తరగతి వాళ్లం నలుగురిని పిలిచి, పుస్తకాలన్నీ బయటికి తీసి దుమ్ము దులిపి వరండాలో నంబర్ల వారీగా పేర్చమన్నారు. సగం రోజు పని. మేం దాన్ని మూడు రోజులు చేశాం. దులపడానికి తెరిచిన పుస్తకం మూయబుద్ధి కాదు కదా. ‘నొప్పి డాక్టరు’ నాకు అక్కడే దొరికింది. ఒకడు భారతం పట్టుకున్నాడు, ఒకడు హోమియో పుస్తకంలో జబ్బుల పేర్లు చదివి ఒక్కొక్కటీ మాకు అంటగట్టాడు. ఇంటర్వెల్‌లో మిగతా క్లాసుల పిల్లలు కూడా వచ్చి చుట్టూ కూర్చునేవాళ్లు. మూడో రోజు సాయంత్రం లెక్క తేలింది. రెండు పుస్తకాలు తక్కువ. మాస్టారు జేబులోంచి డబ్బు తీసి కట్టారు, కొత్తాయన తాళం తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లలో ఆ బీరువా మాకోసం తెరవలేదు. ఇవాళ ఆలోచిస్తే ఇద్దరి మీదా కోపం రావడం లేదు. ఆ రెండు పుస్తకాల వెల మీదే ఆలోచన పోతుంది.

ఇక్కడ కొంచెం చదవడం అనే పని గురించి చెప్పాలి. కథల పుస్తకం ఉంటే మంచిదే, లేకపోతే నష్టమేముంది, వాచకం ఉందిగా అనుకుంటాం. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లకు ఇంకా చదవడం వచ్చినట్టు కాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. ఆ దశ దాటాలంటే తనకు తేలికైన పేజీలు వందల కొద్దీ కళ్ల కింద నుంచి పోవాలి. ఐదో తరగతి పిల్ల చదువు రెండో తరగతి దగ్గర ఆగిపోతే, ఐదో తరగతి వాచకం ఆమెకు అడ్డుగోడే. రెండో తరగతి వాచకం ఇస్తే సిగ్గు. పది పేజీల బొమ్మల కథకు ఈ రెండు చిక్కులూ లేవు, దాని మీద తరగతి నంబరు ఉండదు. దేశం మొత్తం మీద పల్లె బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారని అసర్ సర్వేలు చెబుతూనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లా అక్షరాస్యత 67 శాతం, ప్రకాశం 63 శాతం. రెండూ దేశ సగటు కన్నా తక్కువే. వేటపాలెం, పెదపాలెం ఉన్న జిల్లాలు ఇవి!

ఆ అంకెల వెనక మిరప కోత ఉంది. నాగార్జునసాగర్ నీళ్లు వచ్చాక పల్నాడు, దర్శి వైపు నేలల్లో వ్యవసాయం తీరే మారిపోయింది. దసరా దాటిన దగ్గర్నుంచి పత్తి తీతలు, సంక్రాంతి తర్వాత ఏప్రిల్ దాకా మిరపకాయ కోతలు. రెండూ చేత్తో చేసే పనులు, రెండూ బడి ఏడాది నడిబొడ్డున వచ్చే పనులు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ప్రకాశం మెట్ట నుంచి కుటుంబాలకు కుటుంబాలు కోతలకు వస్తాయి, చేల పక్కన పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉంటాయి. కాయలు ఆరబెట్టిన కల్లాలన్నీ ఎర్రగా ఉన్న ఫోటోలు మనం ఇష్టంగా షేర్ చేస్తాం. ఆ ఫోటోలో మూల నిలబడ్డ పిల్ల ఏ బడి రిజిస్టరులో ఉందో ఎవరూ అడగరు. ఊళ్లోనే ఉండి చదువుకునేలా వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెట్టడం మంచి పనే. వాటిలో చేరని పిల్లలు చాలామంది. చిన్న తమ్ముడిని చూసుకోవడానికి ఆడపిల్లే వెంట వెళ్లాలి. పల్నాడు తండాల పిల్లలకైతే ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. మూడు నెలలు తెలుగు అక్షరం కంటపడకపోతే వచ్చిన కాస్తా జారిపోతుంది.

ఆ పిల్లకు బీరువా దేనికీ పనికిరాదు. గది నిండా పుస్తకాలున్న లైబ్రరీ కట్టించినా పనికిరాదు. ఆమెకు పనికొచ్చే లైబ్రరీ సంచీలో పట్టేది, మిరపచేనుకు తీసుకెళ్లగలిగేది, తిరిగి రాకపోయినా ఎవరూ మెమో ఇవ్వనిది.

చట్టాల్లో, పథకాల్లో అంతా సరిగ్గానే ఉంది. 1987 తర్వాత వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రాథమిక బడికి ఇవ్వాల్సిన సామానులో లైబ్రరీ పుస్తకాలు చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో లైబ్రరీ ఉండాలని, అందులో పత్రికలు, కథల పుస్తకాలు ఉండాలని షెడ్యూలులో రాసింది. కథల పుస్తకాలు అన్న మాట పార్లమెంటు చట్టంలోకి ఎక్కిందంటే చిన్న విషయం కాదు. 2018 నుంచి సమగ్ర శిక్ష కింద ప్రభుత్వ బడులకు స్థాయిని బట్టి ఏటా 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు పెట్టారు. అయితే నాకు తెలిసిన టీచర్లు చెప్పేది ఒకటే: పుస్తకాలు ఏ ఆర్థిక సంవత్సరం చివర్లోనో కట్టలుగా వస్తాయి, ఎంచుకునే వీలు ఉండదు, వచ్చినవాటిని ముందు రిజిస్టరులో ఎక్కించాలి. ఎక్కించాక తాళం.

రెండేళ్ల కిందట పల్నాడులో ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. ఇద్దరు టీచర్లు. అందులో ఒకావిడ గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి, బట్టలకు పెట్టే క్లిప్పులతో పుస్తకాలు వేలాడదీసింది. మంచి పుస్తకం వాళ్లవి, నేషనల్ బుక్ ట్రస్టువి, తన పిల్లలు చదివి వదిలేసినవి. ఎవరైనా తీసుకోవచ్చు. తీసుకున్నవాళ్లు నోటుబుక్కులో పేరు, పుస్తకం, తేదీ తామే రాసుకోవాలి. ఆ రాసుకోవడం కూడా చదువేనండీ అంది, పెద్దగా ఆలోచించకుండా.

నోటుబుక్కు తిరగేశాను. జనవరి దాకా పేజీలు నిండుగా ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చిల్లో పేర్లు తగ్గిపోయాయి. ఒక పేరు ఎదురుగా మాత్రం జనవరి చివరి తేదీ వేసి వరుసగా నాలుగు పుస్తకాలు ఒకేసారి రాసి ఉన్నాయి. కోతలకు వెళ్తూ పట్టుకెళ్లిందని చెప్పింది టీచరు. ఏప్రిల్లో మూడు తిరిగొచ్చాయి. వాటిని చూపించింది. పేజీల అంచుల మీద ఎర్రటి వేలిముద్రలు, మధ్యలో ఒకటి రెండు మిరప గింజలు. తెరవగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి, పిల్లలంతా నవ్వారు. వాళ్లకది మామూలే. ముద్రలు ఒక్క సైజువి కావు, పెద్దవీ చిన్నవీ ఉన్నాయి.

నాలుగోది ఏమైందని అడిగాను. గుడిసెలో పక్కింటి పిల్లకిచ్చిందట, వాళ్లు కోతలయ్యాక వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. ఆదోని వైపు ఎక్కడో. నోటుబుక్కులో ఆ పుస్తకం ఎదురుగా తిరిగొచ్చిన తేదీ వేసే గడిలో టీచరు ‘ఆదోని’ అని రాసింది.